ఇల్లు కట్టుట, పెళ్ళి చేయుట: పని నడుపు కంప్యూటరు సాధనములు



కొన్ని మాసముల క్రిందట మా బంధువుల యింటికి భోజనమునకు వెళ్ళియుంటిమి. ఆ యింటి కుమారుడు హైదరాబాదులో మాధాపురమునందు ఒక సాఫ్ట్‌వేరు కంపెనీలో ఉద్యోగి. సెలవు పెట్టి ఊరికి వచ్చినవాడే గాని, ఆదివారమైనను కంప్యూటరు ముందునుండి లేవలేదు. "ఏమిరా, అన్నం చల్లారిపోతోంది" అని తల్లి పిలువగా, "ఇంకా పదకొండు టికెట్లు మూయాలమ్మా" అని బదులు చెప్పెను. ఆమె మావైపు తిరిగి, "చూశారా అన్నయ్యగారూ, అప్పుచేసి ఇంజనీరింగు చదివించింది టికెట్లు అమ్ముకోవడానికా?" అని నవ్వుచు అడిగినది.

భోజనానంతరము ఆమెకు మేము చెప్పిన సమాధానమునే కొంత విస్తరించి ఈ సాయంకాలము మీకును మనవి చేయదలచినాము. ఆ టికెట్టు బస్సు టికెట్టు కాదు, సినిమా టికెట్టును కాదు. అది యొక చీటీ. పదిమంది కలిసి చేయు పనిని ముక్కలుగా విభజించి, ఒక్కొక్క ముక్కకు ఒక్కొక్క చీటీ వ్రాసి, దీనిని ఎవరు చేయవలెను, ఎన్నటిలోగా చేయవలెను, ఇప్పుడు ఎంతవరకు వచ్చినది అను మూడు సంగతులు దానిపై గుర్తించి యుంచుదురు. పూర్వము ఇట్టి చీటీలు గుమాస్తా బల్లమీది ఇనుపముల్లునకు గ్రుచ్చబడి యుండెడివి. ఇప్పుడు కంప్యూటరులోనికి ఎక్కినవి. ఆ చీటీలను భద్రపరచి, కోరిన విధమున వరుసచేసి, అందరికిని ఒక్కసారి చూపు సాధనమునకే ప్రాజెక్టు మేనేజిమెంటు సాఫ్ట్‌వేరు అని పేరు.

ఇట్టివి నేడు బజారులో పదుల సంఖ్యలో నున్నవి. కొన్ని మిక్కిలి సరళమైనవి, పావుగంటలో నేర్వవచ్చును. కొన్ని మిక్కిలి జటిలమైనవి. వానిని సంబాళించుటకే ప్రత్యేకముగా ఒక ఉద్యోగిని పెట్టుకొను కంపెనీలు కలవు. వీనిలో ఏది మేలు? చిన్న అచ్చుకూటము నడుపువారును, ఉత్సవ సంఘమువారును, మావలె ఆఫీసులో అయిదారుగురితో కలిసి పనిచేయువారును ఈ ప్రశ్న వేయుచున్నారు. చిన్న జట్టునకు సరళమైనది, పెద్ద జట్టునకు జటిలమైనది అని సామాన్యముగా సమాధానము వచ్చును. ఇది సగము మాత్రమే నిజమని మా అభిప్రాయము. మిగిలిన సగమును మేము కొంత నష్టపడి నేర్చుకొంటిమి. ఆ సంగతి తరువాత చెప్పెదము.

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అని మన పెద్దలు అన్నారు. రెండును మనిషిని అలయజేయు పనులే గనుక రెంటిని ఒక్క సామెతలో జతచేసిరి. కాని శ్రద్ధగా చూచినచో ఆ రెండు కష్టములును ఒక్క జాతివి కావు.

పెళ్ళిలో పనులు వందలు. కల్యాణమండపము, వంటవారు, పురోహితుడు, సన్నాయిమేళము, శుభలేఖలు, పట్టుచీరలు, మంగళసూత్రములు, మగపెళ్ళివారి విడిది, వారికి తెల్లవారుజామున కాఫీలు. ఇవన్నియు దాదాపుగా దేని దారిన అది నడచునవి. చీరలు ఆలస్యమైనవని వంటవారు ఆగరు; సన్నాయిమేళము కుదరలేదని కంసాలి పని నిలుపడు. శుభలేఖలు అచ్చువేయుటకు మాత్రము ముహూర్తమును, మండపమును నిశ్చయము కావలెను. అట్టి ముడులు నాలుగైదు మించి యుండవు. ఇక్కడ మనలను దెబ్బతీయునది మరపు. అరటిబోదెల సంగతి బావగారు చూచుచున్నారని మేనమామ అనుకొనును; మేనమామకు అప్పగించితినని బావగారు అనుకొందురు; తెల్లవారి చూడగా పందిటికి బోదెలు లేవు.

ఈ జాతి పనికి సరళమైన సాధనము అమృతప్రాయము. ఉదాహరణకు ట్రెల్లో అను దానిని చూడుడు. న్యూయార్కు నగరములోని ఫాగ్ క్రీక్ అను సంస్థవారు 2011 లో దీనిని వెలువరించిరి. తెరపై మూడు నిలువు వరుసలు కనబడును. చేయవలసినవి మొదటి వరుస, చేయుచున్నవి రెండవది, అయినవి మూడవది. ఒక్కొక్క పని ఒక్కొక్క కార్డు. పని ముందునకు సాగినకొలది కార్డును వేలితో ఒక వరుసనుండి మరియొక వరుసలోనికి జరుపుదురు. వంటవారి కార్డు తెరచినచో లోపల బయానా ఇచ్చితిమా, సరకుల పట్టీ వచ్చినదా, విస్తళ్ళ సంఖ్య చెప్పితిమా అని చిన్న చిన్న గళ్ళు. అరటిబోదెల కార్డుపై ఒక్కరి పేరే యుండును గనుక బావగారికిని మేనమామకును ఇక వాదము లేదు. విజయవాడలోని పెదనాన్నగారును, అమెరికాలోని అన్నగారును ఒక్క బల్లనే చూచుచుందురు.

ఈ ఆలోచన ట్రెల్లోవారు పుట్టించినది కాదు. జపాను దేశమున టొయోటా కారుల కర్మాగారములో తైచి ఓనో అను ఇంజనీరు రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన తరువాతి దశాబ్దములలో కార్డులతో పని నడుపు పద్ధతిని స్థిరపరచెను. విడిభాగముల వెంట ఒక కార్డు పోవుచుండును. భాగములు వాడిన పిమ్మట ఆ కార్డు వెనుకకు వచ్చినగాని క్రొత్త భాగములు చేయరాదు. దీనినే కాన్బాన్ అందురు. ఆ మాటకు సూచనపలక అని అర్థము. చేతిలో ఎంత పని యున్నదో కంటికి కనబడవలెను, కనబడినదానికంటె అధికముగా నెత్తిన పెట్టుకొనరాదు అనుట అందలి సారము.

ఇక ఇంటి పని. స్లాబు పోసిన తరువాతి కథ చూతము. లెక్కకొరకు ఇట్లనుకొందము. సెంట్రింగు ఊడదీయువరకు 21 దినములు. పిమ్మట గోడలలో కరెంటు గొట్టములు వేయుటకు 7 దినములు. అవి పడినగాని ప్లాస్టరింగు సాగదు, దానికి 15. ప్లాస్టరింగు ముగిసినగాని నేల బండలు పరువరు, వానికి 12. కడపట రంగులకు 10. అన్నియు కూడగా 65 దినములు. తలుపులు, కిటికీ రెక్కలు వడ్రంగి తన దుకాణములో చేయుచున్నాడు. అతనికి 25 దినములు కావలెను. కాని అతడు మొదటి దినముననే ప్రారంభింపవచ్చును, రంగులు మొదలగు వేళకు, అనగా 55 దినములు నిండువరకు, అందించిన చాలును. అనగా వడ్రంగి నెలదినములు ఆలస్యము చేసినను గృహప్రవేశమునకు భంగము లేదు. కరెంటు పనివాడు మూడు దినములు రాకున్నచో గృహప్రవేశము మూడు దినములు వెనుకకు పోవును. ఇంటి యజమాని మాత్రము నిత్యము వడ్రంగి దుకాణమునకు పోయి కేకలు వేయుచుండును! తలుపులు లేని ఇల్లు కంటికి కనబడుచున్నది. గోడలోపలి గొట్టము కనబడదు గదా.

ఒకటి ఆగినచో అంతయు ఆగునట్టి ఈ పనుల వరుసకు ఇంజనీర్లు క్రిటికల్ పాత్ అని పేరు పెట్టిరి. కీలకమార్గము అని మనము అనుకొందము. 1957 ప్రాంతమున అమెరికాలో డ్యూపాంటు అను రసాయనముల కంపెనీవారును, కంప్యూటరులు చేయు రెమింగ్టన్ రాండ్ వారును కలిసి దీనిని గణించు పద్ధతిని కనిపెట్టిరి. మరుసటి సంవత్సరము, 1958 లో, అమెరికా నౌకాదళమువారు పొలారిస్ క్షిపణుల నిర్మాణమునకు ఇట్టిదే వేరొక పద్ధతిని ప్రవేశపెట్టిరి. దానికి పెర్ట్ అని పేరు. అంతకు పూర్వమే 1910 ప్రాంతపు సంవత్సరములలో హెన్రీ గాంట్ అను అమెరికను ఇంజనీరు పనులను కాలము వెంబడి అడ్డుపట్టీలుగా గీసి చూపియుండెను. పోలండు దేశీయుడగు కరోల్ ఆదామియెట్స్కీ 1896 లోనే అట్టి పటము గీసెనుగాని, కీర్తి గాంటుకే దక్కినది.

జటిలమైన సాధనములలో పాతకాపులు ఈ లెక్కను తమలో ఇముడ్చుకొన్నవే. 1983 లో స్థాపితమైన ప్రిమవెరా కంపెనీవారి సాఫ్ట్‌వేరు వంతెనలు, విద్యుత్కేంద్రములు, చమురుశుద్ధి కర్మాగారముల నిర్మాణములో విరివిగా వాడుకలోనికి వచ్చినది. ఆ కంపెనీని 2008 లో ఒరాకిల్ సంస్థ కొనినది. మైక్రోసాఫ్టువారి ప్రాజెక్టు అను సాఫ్ట్‌వేరు 1984 లో పుట్టినది. వీనిలో కరెంటు పనికి మూడు దినములు కలిపినచో, దాని వెనుకనున్న ప్లాస్టరింగు, బండలు, రంగులు అన్నియు తమంతట తామే మూడేసి దినములు జరుగును. వడ్రంగి తేదీ మాత్రము కదలదు. ట్రెల్లో బల్లపై నైదు కార్డులు ప్రక్కప్రక్కన నుంచి ఇంత సంగతి తెలిసికొనుట సాధ్యము కాదు. ఇంటి పనికి మూడు వరుసల బల్ల నమ్ముకొన్నవాడు వడ్రంగి మీదనే కేకలు వేయును.

ఇంతవరకు సులభమే. ఇల్లు కట్టువాడు ఒకటి, పెళ్ళి చేయువాడు మరియొకటి తీసికొనవచ్చును. కాని మన సాఫ్ట్‌వేరు కుర్రవారు టికెట్లు మూయుచున్న సాధనము ఈ రెండింటిలో ఏదియు కాదు. వారిలో అనేకులు వాడునది జీరా. ఇది మన వంటింటి జీలకఱ్ఱ కాదు. ఆస్ట్రేలియా దేశమున సిడ్నీ నగరములో అట్లాసియన్ అను కంపెనీవారు 2002 లో దీనిని తెచ్చిరి. సినిమాలలోని రాక్షసబల్లి గాడ్జిల్లాకు జపాను భాషలో గొజీరా అని పేరు. దానినుండి ఈ పేరు వచ్చినది. ప్రోగ్రాములలోని తప్పులను పట్టీవేసి సరిదిద్దుకొనుటకు పుట్టిన ఈ సాధనము పిమ్మట సర్వకార్యములకును వ్యాపించినది.

జీరాలోని జటిలత్వము ఇంటి పనిలోని జటిలత్వము వంటిది కాదు. ఒక చీటీ ఏ స్థితినుండి ఏ స్థితికి పోవచ్చును, దానిని జరుపుటకు ఎవరికి అధికారము కలదు, జరుపుటకు ముందు ఏయే గళ్ళు నింపితీరవలెను అను నిబంధనలను కంపెనీవారు తమ యిష్టానుసారముగా అందులో ఏర్పరచుకొనవచ్చును. మూడు స్థితులు పెట్టుకొనవచ్చును, పదమూడు పెట్టుకొనవచ్చును. బ్యాంకుల లెక్కలు నడుపు ప్రోగ్రామును ఎవరు మార్చిరి, ఎవరు పరీక్షించిరి, ఎవరు అనుమతించిరి అని రేపు తనిఖీదారుడు అడిగినచో చూపవలసి యుండును. అట్టిచోట నిబంధనలు న్యాయమే. ఏడుగురు మనుష్యులు ఒక్క గదిలో కూర్చుండి చేయు పనికి అవి యెందులకు?

ఇచ్చట ఒక చారిత్రకమైన ముచ్చట చెప్పవలెను. పొలారిస్ జలాంతర్గామి 1960 లో సముద్రముమీదికి పహరాకు వెళ్ళినది. ఆ విజయమునకు పెర్ట్ పద్ధతియే కారణమని ప్రపంచమంతట ప్రసిద్ధి కలిగి, ప్రభుత్వములును కంపెనీలును దానిని అనుకరింపసాగెను. హార్వే సపోల్‌స్కీ అను పండితుడు ఆ కార్యక్రమమును తఱచిచూచి 1972 లో ఒక గ్రంథము ప్రకటించెను. క్షిపణుల నిర్మాణమునకు ఆ పద్ధతి చేసిన నిజమైన సాయము స్వల్పమనియు, పైవారి జోక్యమునుండి ఆ కార్యాలయమును కాపాడుటలోనే అది యెక్కువగా ఉపకరించినదనియు ఆయన తేల్చెను. గోడనిండ పటములు, కంప్యూటరు లెక్కలు చూచి వచ్చినవారు సంతృప్తిపడి వెళ్ళెడివారట. పని చేయువారికి దారి చూపుట ఒకటి, పైనుండి చూచువారికి ధైర్యము చెప్పుట మరియొకటి. ఒకే సాఫ్ట్‌వేరు ఈ రెండింటిని చేయబూనినపుడు రెండవది మొదటిదానిని మ్రింగివేయుట మేము కన్నులార చూచితిమి.

ఆ సంగతి యిది. కొన్ని యేండ్ల క్రిందట మేము పనిచేసిన ఒక కార్యాలయములో మా విభాగమువారము ఏడుగురము. కార్యక్రమములన్నియు ఒక నల్లబల్లపై సుద్దతో వ్రాసియుండెడివి. వచ్చు కళాకారుని పేరు, దినము, స్టూడియో, ప్రక్కన "కబురు" అను మాట. ఫోను చేసినవారు ఆ మాటపై ఒక గీత కొట్టెడివారు. 2020 లో లాక్‌డౌను వచ్చి సగముమంది ఇండ్లనుండి పని చేయవలసి రాగా, ఇంటినుండి నల్లబల్ల కనబడదు గదా. మాలో చిన్నవాడొకడు మూడు వరుసల బల్లను అందరి ఫోనులలో ఏర్పాటు చేసెను. రెండేండ్లు చక్కగా నడచినది. ఆ చక్కదనమే మా కొంప ముంచినది. ఇంత బాగుగా నడచుచున్నపుడు ఇంతకంటె ఘనమైనది తెచ్చిన ఇంకెంత బాగుండునో అని పైవారికి తోచి, ఒక జటిలమైన సాఫ్ట్‌వేరును తెప్పించిరి. దాని పేరు అప్రస్తుతము. ప్రతి కార్యక్రమమునకు నింపవలసిన గళ్ళు పదునాలుగు, దాటవలసిన స్థితులు తొమ్మిది. వారమువారము రంగురంగుల నివేదిక దానంతట అదే తయారై పైకి పోవుచుండెను.

రెండు మాసములు గడచుసరికి మేము శుక్రవారము సాయంకాలము కూర్చుండి వారము పొడవునను చేసిన పనిని ఒక్కసారిగా నింపుట మొదలుపెట్టితిమి. ఎఱ్ఱరంగు వచ్చినచో సంజాయిషీ చెప్పుకొనవలసి యుండును గనుక ఎఱ్ఱరంగు రాకుండ నింపుట నేర్చుకొంటిమి. నివేదికలు మాత్రము ముచ్చటగా నుండెను.

ఆ దినములలో ఉత్తరాంధ్రనుండి ఒక వృద్ధ కళాకారుడు జముకులకథ చెప్పుటకు రావలసియుండెను. ఎనుబదియేండ్లు దాటినవారు. స్టూడియోలో మరమ్మతు తగులగా రికార్డింగును మరుసటి వారమునకు మార్చితిమి. తేదీ మారినచో మరల ఆమోదము కావలెనని సాఫ్ట్‌వేరు నిబంధన. ఆమోదింపవలసిన అధికారి సెలవులో నుండెను. ఆమోదము వచ్చువరకు ఆ కార్డు కడుపులోని తక్కిన పనులు, కళాకారునకు కబురు చేయుటతో సహా, తెరపై కనబడవు. తేదీ మారినదని మా ఏడుగురకును యంత్రము సందేశము పంపినది. ఏడుగురమును చదువుకొంటిమి. ఆయనకు కూడ తెలిసియుండునని ఏడుగురమును అనుకొంటిమి.

ఆయన రాత్రి బస్సులో కూర్చుండి వచ్చి, ఉదయము ఎనిమిది గంటలకు గేటు ప్రక్కనున్న బల్లపై జముకును ఒడిలో పెట్టుకొని కూర్చుండెను. ఆ దినము మేమందరము వేరొకచోట బయటి రికార్డింగునకు పోయియుంటిమి. సాయంకాలమువరకు చూచి ఆయన మరల బస్సెక్కెను. మరునాడు కావలివాడు చెప్పగా మాకు తెలిసినది. క్షమార్పణ చెప్పి, వారి గ్రామమునకే వచ్చి రికార్డు చేసికొందుమని మాట యిచ్చితిమి. మరుసటి నెలలో వెళ్ళునప్పటికి ఆయనకు పక్షవాతము వచ్చి మాట పడిపోయియుండెను. ఆ కథ ఆయన నోట ఇక రికార్డు కాలేదు.

తప్పు యంత్రముదని మేము అనము. ఫోను చేయవద్దని అది మా చేతులు కట్టివేయలేదు. కాని నల్లబల్లమీద "కబురు" అను మాట గీత పడక నిలిచియున్నచో ఏడుగురిలో ఒక్కరి కంటనైనను పడియుండెడిది. తొమ్మిది స్థితుల చాటున అది దాగిపోయినది.

సరళమైనదే సర్వదా మేలని దీనినుండి అనుకొనరాదు. అది కూడ మమ్ము ఒకసారి దెబ్బకొట్టినది. జటిలమైనదానిని వదలివేసి మూడు వరుసల బల్లకు తిరిగివచ్చిన ఉత్సాహములో, 26 భాగముల ధారావాహిక రూపకమును అందులోనే పెట్టితిమి. ఒక్కొక్క భాగమునకు రచన, నిపుణుని పరిశీలన, సంగీతము, రికార్డింగు, కూర్పు, ప్రకటన అని ఆరేసి కార్డులు; మొత్తము 156. ప్రతిదినము పదిపండ్రెండు కార్డులు కదలుచుండగా పని అద్భుతముగా సాగుచున్నదని మురిసిపోతిమి. నేపథ్యసంగీతము ఒక్కరే కూర్చవలసియుండెను. ఆయన వద్ద పని ఆగియుండెను. ఆ సంగీతము లేక ఏ భాగమునకును కూర్పు ముగియదు. మా బల్లపై అది తక్కినవానివలె ఒక చిన్న కార్డు. కూర్పు కార్డులన్నియు "చేయుచున్నవి" అను వరుసలో హాయిగా కూర్చుండెను. ప్రసారమునకు రెండు వారములుండగా మేలుకొని, ధారావాహికను నెలదినములు వాయిదా వేసితిమి. ఆ సంగీతపు కార్డునుండి కూర్పు కార్డులన్నింటికి గీతలు గీసి చూపు సాధనమైనచో మొదటి వారములోనే మా కన్ను అచ్చట పడియుండును. ధారావాహిక ఇంటి పని జాతిది. మేము దానిని పెళ్ళి పని అనుకొంటిమి.

అందుచేతనే జట్టులో ఎందరున్నారను ప్రశ్న సగము సమాధానము మాత్రమే యని మొదట అంటిమి. ఆ సగమును త్రోసివేయవలసినది కాదు. నలుగురున్నచోట ఇద్దరిద్దరి నడుమ మాటలు నడచు దారులు 6. ఏడుగురికి 21. పండ్రెండుగురికి 66. ఐ.బి.ఎం. కంపెనీలో ఒక పెద్ద సాఫ్ట్‌వేరు నిర్మాణమును నడిపిన ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975 లో ప్రకటించిన గ్రంథములో ఈ లెక్కనే ఎత్తిచూపి, ఆలస్యమైన పనికి మనుష్యులను కలిపినకొలది అది ఇంకను ఆలస్యమగునని హెచ్చరించెను. నలుగురు ఒకరి ముఖము నొకరు చూచి తెలిసికొనగలది, నలుబదిమందికి వ్రాతలో నుండవలసినదే. కాని ముగ్గురే కలిసి కట్టు ఇంటికి కీలకమార్గము ఉండును. మూడువందలమంది కలిసి చేయు దానధర్మమునకు ఉండకపోవచ్చును.

మా అనుభవములో ఒక చిన్న పరీక్ష పనికివచ్చినది. ఏ సాఫ్ట్‌వేరును కొనకముందే, ఇటీవల ముగిసిన పని నొకదానిని తీసికొని, దాని ముక్కలన్నియు కాగితపు చీటీలపై వ్రాసి నేలపై పరవవలెను. దేనికొరకు ఏది ఆగినదో సుద్దతో గీతలు గీయవలెను. గీతలు చీటీలకంటె బాగుగా తక్కువైనచో సరళమైన బల్ల చాలును. గీతలు చీటీలను కప్పివేసినచో గాంటు పటము, కీలకమార్గము కలిగినది వెదకవలెను. ఇది శాస్త్రము కాదు. ఒక సాయంకాలము వ్యయమగును, అంతే.

నింపువారి శ్రమను కూడ లెక్కవేయుట మంచిది. సాఫ్ట్‌వేరు వెల చూచి బేరమాడుదురుగాని ఈ వెలను ఎవరును అడుగరు. ఏడుగురు దినమునకు పావుగంట చొప్పున ఆరు దినములు గళ్ళు నింపినచో వారమునకు పదిన్నర గంటలు. ఒక మనిషి పని దినము పోగా ఇంకను మిగులును. ఆ పదిన్నర గంటలకు బదులుగా నింపినవానికే ఏమి తిరిగివచ్చుచున్నదని అడుగవలెను. రేపు ఏ పని ముందు చేయవలెనో అతనికి తేటపడినచో సంతోషముగా నింపును. పైవారి నివేదికకు మాత్రమే అయినచో మావలె శుక్రవారము సాయంకాలము నింపును.

మన ఊళ్ళలో అధికసంఖ్యాకులు నిజముగా వాడుచున్న ప్రాజెక్టు సాఫ్ట్‌వేరు వాట్సాపు గ్రూపు. దానిని ఎగతాళి చేయుట మా ఉద్దేశము కాదు. ఎవరికిని నేర్పనక్కరలేనిది అదియొక్కటే. అయితే ఉదయము అప్పగించిన పని శుభోదయముల క్రిందను పూలబొమ్మల క్రిందను మధ్యాహ్నమునకే పూడిపోవును. "సరే" అన్నవారు ముగ్గురైనచో చేయువారు ఎవరో తేలదు. వాట్సాపునుండి నేరుగా జటిలమైనదానికి దుముకుటకంటె మూడు వరుసల బల్లకు మెట్టు ఎక్కుట తెలివి.

పేర్లను బట్టి మాత్రము తీర్మానింపరాదు. సరళతకు పేరుపడిన ట్రెల్లోను జీరా యజమానులగు అట్లాసియన్ వారే 2017 లో 42 కోట్ల 50 లక్షల డాలర్లకు కొనిరి. 2021 లో అందులో కాలపటము, క్యాలెండరు, పట్టిక మొదలగు క్రొత్త దృశ్యములు చేరినవి. జీరాలోను చిన్న జట్టు తన నిబంధనలను తానే పెట్టుకొను తేలికరూపము నొకదానిని కల్పించిరి. సరళమైనవి క్రమముగా బరువెక్కుచున్నవి, బరువైనవి తేలికయగుటకు యత్నించుచున్నవి. ఉన్న మీటలన్నియు నొక్కవలెనను నియమము లేదు. తొమ్మిది స్థితులు పెట్టుకొమ్మని మాకు యంత్రము చెప్పలేదు, పెట్టుకొన్నవారు మనుష్యులే.

ప్రస్తుతము మేమున్నచోట రెండు సాధనములు నడచుచున్నవి. ధారావాహికలు మాత్రము కీలకమార్గము చూపుదానిలో నున్నవి. దానిని మాలో ఒక్కరే నడుపుదురు; సోమవారము ఉదయము ఆ పటమును కాగితముపై అచ్చుతీసి గోడకు అంటింతురు; తక్కినవారము దానిని చూచుటయే గాని గళ్ళు నింపము. దినవారీ కార్యక్రమములు మూడు వరుసల బల్లపైననే యున్నవి. కాదు, ఇప్పుడు నాలుగు వరుసలు. "చేయుచున్నవి" అను దానికిని "అయినవి" అను దానికిని నడుమ "కబురు చేసితిమా" అని యొక వరుస చేర్చుకొంటిమి. తేదీ నిర్ణయమైనను, మారినను కార్డు అందులోనికి రావలెను. ఫోను చేసినవారి పేరు, చేసిన వేళ, అవతల పలికినవారు ఎవరు అను మూడింటిని చేసినవారే వ్రాయవలెను. యంత్రము దానంతట అది నింపునట్లు అమర్చవచ్చునని చిన్నవాడు చెప్పెనుగాని, వద్దంటిమి. ఈ వారము ఆ వరుసలో తొమ్మిది పేర్లున్నవి. రెండింటికి ఇంకను ఫోను చేయవలసియున్నది.